రిపోర్టులో ‘1:180, హై రిస్క్’ అని వచ్చింది: ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నా వయసు 36. ఇదే మొదటి గర్భం, సహజంగానే వచ్చింది. పన్నెండు వారాల నాలుగు రోజులప్పుడు ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్ష చేశారు. ఎన్‌టీ 1.7 మి.మీ., పాప్-ఏ 0.38 ఎంఓఎం, బీటా హెచ్‌సీజీ 1.4 ఎంఓఎం. చివర్లో ఎర్ర అక్షరాలతో ‘డౌన్ సిండ్రోమ్ రిస్క్ 1:180, హై రిస్క్’ అని ఉంది. ఉమ్మనీరు పరీక్ష చేయించుకోమంటున్నారు. సూది గుచ్చితే గర్భం పోతుందని మా ఆడపడుచు వద్దంటోంది. అయిదు రోజులుగా నిద్ర లేదు. బీపీ 134/84 ఉంది, పర్వాలేదన్నారు. నన్ను కన్నప్పుడు మా అమ్మకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయట. ఇంకో సంగతి, గర్భమని తెలిసేసరికే ఏడో వారం, ఫోలిక్ యాసిడ్ అప్పుడే మొదలుపెట్టాను. ఇదంతా దానివల్లేనా? ఇప్పుడు పదమూడు వారాల రెండు రోజులు.

సమాధానం: మీ ఉత్తరంలో రెండు రిస్కులున్నాయి. ఒకటి ఎర్ర అక్షరాల్లో ఉంది కాబట్టి మీ నిద్రంతా అది తీసుకుపోయింది. రెండోది మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన బీపీ సంగతి. నిజానికి గడువు దగ్గర పడుతున్నది ఈ రెండో దానికే. అయినా ముందు మీ మనసులో ఉన్నదాని గురించే మాట్లాడుకుందాం.

1:180 అంటే, సరిగ్గా మీలాంటి రిపోర్టే వచ్చిన 180 మందిని వరసగా నిలబెడితే, వాళ్లలో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండడం వల్ల పుట్టుకతో వచ్చే స్థితి) ఉంటుంది, 179 మంది బిడ్డలకు ఉండదు. శాతంలో చెప్పాలంటే అర శాతం పైచిలుకు. ‘హై రిస్క్’ అన్న మాట బిడ్డను చూసి రాసింది కాదు. ల్యాబు ముందే ఒక గీత గీసుకుంటుంది, ఆ గీతకు ఇటు పడిన ప్రతి రిపోర్టు మీదా ఆ మాట అచ్చవుతుంది. చాలా ల్యాబులు 1:250 దగ్గర గీస్తాయి, కొన్నిచోట్ల 1:150 దగ్గర. అలాంటి చోటికి మీ రక్తం వెళ్లి ఉంటే ఇదే 1:180 కింద ‘లో రిస్క్’ అని వచ్చేది. ఇంకాస్త లోతుగా చూడదగ్గ వాళ్లను ఏరడమే ఈ పరీక్ష పని. రోగం ఉందో లేదో తేల్చడం దానికి చేతకాదు. ఇటువైపు సంగతి కూడా చెప్పాలి: డౌన్ సిండ్రోమ్ ఉన్న వంద మంది బిడ్డల్లో ఈ పరీక్ష 85 నుంచి 90 మందిని పట్టుకుంటుంది, మిగతావాళ్లు ‘లో రిస్క్’ రిపోర్టుతోనే బయటికి వెళతారు.

ఆ అంకె ఎలా తయారైందో చూస్తే మీ భయం కొంత తగ్గుతుంది. లెక్క తల్లి వయసుతో మొదలవుతుంది. 36 ఏళ్ల తల్లికి పన్నెండో వారంలో డౌన్ సిండ్రోమ్ అవకాశం, ఏ పరీక్షా చేయకముందే, దాదాపు 200లో ఒకటి. (అలాంటి గర్భాల్లో కొన్ని వాటంతటవే పోతాయి కాబట్టి కాన్పు నాటికి అది దాదాపు 280లో ఒకటికి తగ్గుతుంది.) దాన్ని ఎన్‌టీ (స్కాన్‌లో కొలిచే, బిడ్డ మెడ వెనక నీటి పొర మందం) ఒక గుణకంతో, మీ రక్తంలోని పాప్-ఏ, బీటా హెచ్‌సీజీ అనే రెండు పదార్థాలూ చెరో గుణకంతో హెచ్చిస్తాయి. ఎంఓఎం అంటే అదే వారంలో ఉన్న మిగతా గర్భిణుల మధ్యస్థ విలువకు మీది ఎన్ని రెట్లు అని. 1.0 అంటే నడిమధ్య. మీ పాప్-ఏ 0.38, అంటే మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. డౌన్ సిండ్రోమ్ గర్భాల్లో పాప్-ఏ సగానికి పడిపోవడం, బీటా హెచ్‌సీజీ రెట్టింపు కావడం మామూలు. కాబట్టి మీ పాప్-ఏ రిస్కును పైకి లాగింది, బీటా హెచ్‌సీజీ కాస్త సాయం పట్టింది, చక్కగా ఉన్న ఎన్‌టీ కిందికి లాగింది. మొత్తానికి మీరు బయల్దేరిన చోటికే వచ్చారు. 200లో ఒకటి దగ్గర మొదలై 180లో ఒకటి దగ్గర ఆగారు. అంటే ఈ పరీక్ష మీ బిడ్డలో కొత్తగా ఏదో కనిపెట్టిందని కాదు, మీ వయసు చెప్పిన మాటే మళ్లీ చెప్పింది.

ఇప్పుడు ఆ రిపోర్టు ముందు పేజీ తెరవండి. కింద ఎర్ర అక్షరాలు కాదు, పైన చిన్న అక్షరాల్లో ఉన్న వివరాలు చూడండి. మీ పుట్టిన తేదీ, రక్తం తీసిన రోజు మీ బరువు, కవలలా ఒక్కరేనా, ఐవీఎఫ్ కాదన్నది, షుగర్, పొగతాగడం, ఇవన్నీ లెక్కలోకి వెళతాయి. బరువు ఎక్కువున్నవాళ్ల ఒంట్లో రక్తం పరిమాణం ఎక్కువ కాబట్టి ఈ పదార్థాలు పలచబడతాయి, దాన్ని ల్యాబు సవరిస్తుంది. 72 కిలోలకు బదులు 52 అని ఎక్కించారంటే ఆ సవరణ తలకిందులవుతుంది. అన్నిటికంటే ముఖ్యం వారాల లెక్క. బిడ్డ తల నుంచి పిరుదుల దాకా కొలిచే సీఆర్‌ఎల్ 45 నుంచి 84 మి.మీ. మధ్య ఉండాలి, వారాలు దాన్నిబట్టే కట్టాలి. ఆఖరి బహిష్టు తేదీని బట్టి కట్టి, ఆ నెల అండం వారం ఆలస్యంగా విడుదలై ఉంటే, బిడ్డ నిజంగా ఉన్నదానికంటే పెద్దదని ల్యాబు అనుకుంటుంది. పాప్-ఏ ఈ వారాల్లో రోజురోజుకీ పెరుగుతుంది కాబట్టి, అప్పుడు మామూలు విలువ కూడా తక్కువగా కనిపిస్తుంది. ఏదైనా తప్పు దొరికితే మళ్లీ రక్తం ఇవ్వనక్కర్లేదు, సరైన వివరాలతో లెక్క మళ్లీ కట్టమని ల్యాబును అడగండి.

వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. మీ ముందు రెండు దారులున్నాయి: నేరుగా ఉమ్మనీరు పరీక్ష (బిడ్డ చుట్టూ ఉన్న నీరు కాస్త తీసి, అందులోని బిడ్డ కణాల క్రోమోజోములు చూడడం), లేదా ముందు ఎన్‌ఐపీటీ అనే రక్తపరీక్ష.

మాయ (ప్లాసెంటా) నుంచి రాలిన డీఎన్‌ఏ ముక్కలు తల్లి రక్తంలో తిరుగుతుంటాయి. ఈ సంగతి 1997లో బయటపడింది, 2011 నుంచి దాని ఆధారంగా ఎన్‌ఐపీటీ అందుబాటులోకి వచ్చింది. పదో వారం తర్వాత ఎప్పుడైనా చేతి నుంచి రక్తం తీస్తే చాలు, గర్భానికి ఏ ప్రమాదమూ లేదు. డౌన్ సిండ్రోమ్ విషయంలో 99 శాతం పట్టుకుంటుంది, తప్పుడు పాజిటివ్ వెయ్యి మందిలో ఒకరికి అటూ ఇటూ. ఈ అంకెలను మీ పరిస్థితికి పెట్టి చూద్దాం. 1:180 రిస్కు ఉన్న పది వేల మంది ఎన్‌ఐపీటీ చేయించుకున్నారనుకోండి. వాళ్లలో దాదాపు 55 మంది బిడ్డలకు నిజంగా సమస్య ఉంటుంది, పరీక్ష ఆ 55 మందినీ దాదాపుగా పట్టేస్తుంది. సమస్య లేని మిగతావాళ్లలో పది మందికి పొరపాటున పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 65 మందిలో 55 మందికి నిజం, పది మందికి అబద్ధం. నెగెటివ్ వస్తే మాత్రం మీ రిస్కు 180లో ఒకటి నుంచి దాదాపు 18 వేలలో ఒకటికి పడిపోతుంది.

ఆ పది మంది అబద్ధపు పాజిటివ్‌ల గురించి తప్పకుండా గుర్తుపెట్టుకోండి. ఆ డీఎన్‌ఏ వచ్చేది మాయ కణాల నుంచి, బిడ్డ నుంచి కాదు. ఒక్కోసారి మాయలో కొన్ని కణాల్లోనే క్రోమోజోమ్ తేడా ఉండి బిడ్డ పూర్తిగా బాగుంటుంది. అందుకే ఎన్‌ఐపీటీ పాజిటివ్ చూసి గర్భం గురించి వెనక్కి తీసుకోలేని నిర్ణయం ఎవ్వరూ తీసుకోకూడదు. ఉమ్మనీరు పరీక్షతో ఖాయం చేసుకున్నాకే ఆ మాట. ఒక్కోసారి ‘ఫలితం రాలేదు’ అని కూడా తిరిగొస్తుంది. రక్తంలో మాయ డీఎన్‌ఏ వాటా 4 శాతం కంటే తక్కువుంటే చాలా పద్ధతుల్లో పరీక్ష పనిచేయదు. తల్లి బరువు ఎక్కువైనా, మరీ తొందరగా రక్తం తీసినా ఇలా అవుతుంది. ఒకసారి మళ్లీ ఇవ్వొచ్చు. రెండోసారీ రాకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోకుండా డాక్టర్‌తో ఉమ్మనీరు పరీక్ష గురించి మాట్లాడాలి.

ఇక మీ ఆడపడుచు భయం. అది ఉత్త భయం కాదు, దానికి మూలం ఉంది. ఉమ్మనీరు పరీక్ష వల్ల వందలో ఒకరికి గర్భం పోతుందన్న మాట 1986లో వచ్చిన ఒక అధ్యయనం నుంచి నిలిచిపోయింది. చెయ్యి తిరిగిన వాళ్లు, స్కాన్‌లో సూదిని కంటితో చూస్తూ చేసే ఈ రోజుల్లో ఆ అదనపు ప్రమాదం 200లో ఒకటి కంటే తక్కువ. పదిహేను వారాలు నిండాక చేస్తారు. అంతకు ముందు చేస్తే నష్టం ఎక్కువ. పొట్ట మీద నుంచి సన్నటి సూదితో 15 నుంచి 20 మి.లీ. ఉమ్మనీరు తీస్తారు, సూది లోపల ఉండేది ఒకటి రెండు నిమిషాలే. ముఖ్యమైన క్రోమోజోముల ప్రాథమిక ఫలితం రెండు మూడు రోజుల్లో, పూర్తి ఫలితం దాదాపు రెండు వారాల్లో వస్తుంది. ఆ రోజు కాస్త పొత్తికడుపు పట్టేసినట్టు ఉండడం మామూలే. నీరు కారినా, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా వెంటనే వెళ్లాలి. మీ రక్తం గ్రూపు నెగెటివ్ అయితే పరీక్ష తర్వాత యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తకణాలకు వ్యతిరేకంగా మీ ఒంట్లో యాంటీబాడీలు తయారుకాకుండా ఆపేది) ఇవ్వాలి, అడిగి మరీ వేయించుకోండి.

మీ రిపోర్టు చూసి నేనిచ్చే సలహా: ముందు ఎన్‌ఐపీటీ. ఎన్‌టీ 3.5 మి.మీ. దాటినా, స్కాన్‌లో బిడ్డ అవయవాల్లో లోపం కనిపించినా, రిస్కు 1:10 లాంటి అంకె అయినా నేరుగా ఉమ్మనీరు పరీక్షకే వెళ్లమనేవాణ్ని. ఎందుకంటే అలాంటప్పుడు ఎన్‌ఐపీటీ చూడని క్రోమోజోమ్ తేడాలు కూడా ఉండొచ్చు. మీకు అవేవీ లేవు. పైగా మీకు సమయం కలిసొచ్చింది. ఈ వారం రక్తమిస్తే వారం పది రోజుల్లో ఫలితం చేతికొస్తుంది, అప్పటికి మీకు పదిహేనో వారం దగ్గర పడుతుంది. పాజిటివ్ వస్తే ఉమ్మనీరు పరీక్షకు సరిగ్గా వేళవుతుంది. ఒక్క రోజు కూడా వృథా కాదు. అయితే ‘నాకు నూటికి నూరుపాళ్లు తేలాలి, లేకపోతే నిద్ర పట్టదు’ అనుకునే మనిషైతే నేరుగా ఉమ్మనీరు పరీక్ష ఎంచుకోవడమూ తప్పు కాదు. ఏ పరీక్షా వద్దనుకునే హక్కు కూడా మీకుంది. రక్తమిచ్చే ముందే మీరూ మీవారూ కూర్చుని, పాజిటివ్ వస్తే ఏం చేస్తామో మాట్లాడుకోండి. గర్భం కొనసాగించాలనే నిర్ణయించుకున్నా ఫలితం ఉపయోగపడుతుంది: డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది కాబట్టి, బిడ్డ గుండె స్కాన్, కాన్పు ఎక్కడ అన్నది ముందే ఏర్పాటు చేసుకోవచ్చు.

ఇప్పుడు బీపీ దగ్గరికి వద్దాం.

134/84 అంటే 140/90 గీతకు లోపలే ఉంది కాబట్టి ‘పర్వాలేదు’ అన్నారు. విడిగా చూస్తే ఆ మాట సరైనదే. కానీ గర్భం మొదటి సగంలో బీపీ మామూలుగా కొంచెం దిగుతుంది, ఇరవయ్యో వారం దాటాక మళ్లీ మెల్లగా పాత స్థాయికి ఎక్కుతుంది. దిగాల్సిన రోజుల్లోనే 134/84 ఉంటే, ఎక్కే రోజుల్లో ఎంత దూరం పోతుందో జాగ్రత్తగా కనిపెట్టాలి. దాంతో మీ మిగతా వివరాలు కలపండి: మొదటి గర్భం, 35 దాటిన వయసు, కన్నతల్లికి కాన్పులో బీపీ పెరిగి ఫిట్స్. మీ అమ్మగారికి వచ్చింది గుర్రపువాతం, అంటే ప్రీ-ఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి ఒంట్లో మిగతా అవయవాలనూ దెబ్బతీసే జబ్బు) ముదిరి ఫిట్స్ దాకా వెళ్లిన స్థితి. తల్లికో అక్కచెల్లెళ్లకో ప్రీ-ఎక్లాంప్సియా వచ్చి ఉంటే ఆ అవకాశం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. ఇక నాలుగోది ఆ ఎర్ర అక్షరాల రిపోర్టులోనే ఉంది. పాప్-ఏ తయారుచేసేది మాయ. క్రోమోజోములు బాగున్నా పాప్-ఏ ఇంత తక్కువుంటే మాయ సరిగ్గా నాటుకోలేదేమో అని అనుమానించాలి. అలాంటి గర్భాల్లో తర్వాత బీపీ పెరగడం, బిడ్డ ఎదుగుదల తగ్గడం మిగతావాళ్లకంటే ఎక్కువ. ఎన్‌ఐపీటీ నెగెటివ్ వచ్చిన ఆనందంలో ఈ 0.38ని ఫైల్లో పెట్టి మరిచిపోవడం చాలాసార్లు జరిగే పొరపాటు.

దీనికి ఆపే మార్గం ఉంది, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. తక్కువ మోతాదు ఆస్పిరిన్. మాయ తల్లి గర్భాశయపు రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి వాటిని వెడల్పు చేసే పని ఈ వారాల్లోనే జరుగుతుంటుంది. ఆ పని కుంటుపడితే దాని ఫలితం ఏడో నెలలో, ఎనిమిదో నెలలో బీపీగా బయటపడుతుంది. కాబట్టి ఆస్పిరిన్ పదహారు వారాల లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ముప్పయ్యో వారంలో బీపీ పెరిగాక మొదలుపెడితే ఒరిగేదేమీ లేదు. 2017లో వచ్చిన ఆస్‌ప్రీ అధ్యయనంలో, రిస్కు ఎక్కువున్న తల్లులకు పడుకునే ముందు 150 మి.గ్రా. చొప్పున 11-14 వారాల నుంచి 36 వారాల దాకా ఇస్తే, నెలలు నిండకముందే వచ్చే ప్రీ-ఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. కొన్నిచోట్ల 75 లేదా 81 మి.గ్రా. ఇస్తారు, మోతాదు మీ డాక్టరే నిర్ణయించాలి. మందు మానేయకుండా వేసుకున్నవాళ్లకే మేలు ఎక్కువ జరిగిందని కూడా అందులో తేలింది. ఆస్పిరిన్ పడనివాళ్లు, దానివల్ల ఉబ్బసం వచ్చేవాళ్లు, కడుపులో పుండు ఉన్నవాళ్లు, రక్తస్రావపు జబ్బులున్నవాళ్లు వేసుకోకూడదు. కాబట్టి సొంతంగా మొదలుపెట్టకండి. కానీ వచ్చే నెల అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి కూడా. మీకున్న గడువు మూడు వారాల కంటే తక్కువ. ఈ వారమే వెళ్లి, ‘మొదటి గర్భం, 36 ఏళ్లు, మా అమ్మకు ఫిట్స్, పాప్-ఏ 0.38, నాకు ఆస్పిరిన్ అవసరమా?’ అని ఇవే మాటల్లో అడగండి. వీలుంటే గర్భాశయ రక్తనాళాల డాప్లర్ (రక్తం పారే తీరు చూసే స్కాన్) కూడా చూస్తారు.

బీపీ ఇంట్లో చూసుకోవడం ఇప్పుడే మొదలుపెట్టండి. పైచేతికి కట్టే మిషన్ తీసుకోండి, మణికట్టుకు కట్టేది వద్దు. గర్భిణుల్లో సరిచూసిన మోడల్ అయితే మంచిది. ముందు టేపుతో మోచేతికీ భుజానికీ మధ్య చుట్టుకొలత చూడండి. 32 సెం.మీ. దాటితే పెద్ద కఫ్ కావాలి. చిన్న కఫ్ బిగించి కడితే లేని బీపీ చూపిస్తుంది. అరగంట ముందు కాఫీ, టీ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీకి వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చెయ్యి బల్ల మీద, కఫ్ గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి కిందికి వేలాడితే రీడింగ్ ఎక్కువ వస్తుంది. మాట్లాడకూడదు. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి, తేదీ, టైము పక్కనే. ప్రస్తుతానికి వారానికి రెండు మూడు రోజులు చాలు, ఇరవయ్యో వారం తర్వాత ఎన్నిసార్లో డాక్టర్ చెబుతారు. ఇంట్లో సగటున 135/85 దాటుతుంటే రెండు మూడు రోజుల్లోపే డాక్టర్‌కు చెప్పండి. 160/110 వచ్చిందంటే పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి. అప్పుడూ పై అంకె గానీ కింది అంకె గానీ అంతే ఉంటే అది రాత్రయినా సరే, ఆసుపత్రికి బయల్దేరాల్సిన అంకె.

ఇరవై వారాలు దాటాక కొన్ని లక్షణాలకు రేపటిదాకా ఆగకూడదు: మాత్ర వేసుకున్నా తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మసక, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బడం. పక్కటెముకల కింద నొప్పిని గ్యాస్ అనుకుని మాత్ర మింగి పడుకోవడం ఎంతమందికో ప్రాణం మీదికి తెచ్చింది. అది కాలేయం ఉబ్బడం వల్ల వచ్చే నొప్పి కావచ్చు. అలాగే రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, బిడ్డ కదలికలు మొదలయ్యాక అవి అలవాటైన తీరు కంటే తగ్గినా అదే రోజు వెళ్లాలి.

మిగతావి క్లుప్తంగా. హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు, మూత్రం కల్చర్, థైరాయిడ్, హెచ్‌ఐవీ, హెపటైటిస్-బీ, సిఫిలిస్ పరీక్షలు అయ్యాయో లేదో చూసుకోండి. హిమోగ్లోబిన్ ఇప్పుడు 11 కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. మీ వయసుకు షుగర్ పరీక్ష ఒకసారి ఇప్పుడే చేసి, బాగున్నా 24-28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజుతో మళ్లీ చేయాలి. 18-20 వారాల స్కాన్ మాత్రం ఎన్‌ఐపీటీ నెగెటివ్ వచ్చినా మానకండి. గుండె, వెన్నెముక, మూత్రపిండాలు, పెదవి ఎలా ఉన్నాయో ఎన్‌ఐపీటీ చెప్పలేదు. పాప్-ఏ తక్కువ కాబట్టి 28 వారాల నుంచి బిడ్డ ఎదుగుదల స్కాన్లు మూడు నాలుగు వారాలకోసారి కావాలని డాక్టర్‌ను అడగండి.

చివరగా, మీరు చాలా బెంగగా అడిగిన ప్రశ్న. డౌన్ సిండ్రోమ్‌లో అదనంగా ఉండే 21వ క్రోమోజోమ్ ఎక్కువ భాగం అండం తయారయ్యే దశలోనే, అది విభజన చెందేటప్పుడు విడిపోవాల్సిన జత విడిపోక వస్తుంది. అంటే గర్భం రాకముందే. మీరు ఏడో వారంలో మాత్ర మొదలుపెట్టినందుకు 1:180 రాలేదు, మూడో వారంలో మొదలుపెట్టి ఉంటే పోయేదీ కాదు. ఫోలిక్ యాసిడ్ కాపాడేది బిడ్డ మెదడు, వెన్నుపాము గొట్టాన్ని. అది పిండం ఏర్పడిన 28 రోజులకల్లా, అంటే బహిష్టు లెక్కన ఆరో వారానికే మూసుకుపోతుంది. అందుకే మాత్రలు గర్భానికి ముందే మొదలుపెట్టమంటాం. ముందు వేసుకోని తల్లుల్లో కూడా అత్యధికులకు ఆ గొట్టం చక్కగానే మూసుకుంటుంది. అయినా 18-20 వారాల స్కాన్ గదిలోకి వెళ్లినప్పుడు, ‘ఫోలిక్ యాసిడ్ ఏడో వారంలో మొదలుపెట్టాను, తల, వెన్నెముక కాస్త నిదానంగా చూడండి’ అని చెప్పండి.